వెళ్ళిపోని వాపు

బందరు చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివాళ్ళలో కృపాకుమారిది పెద్ద పేరు కాదు గానీ మంచి పేరు. ఆమె అతికించిన రాయి ఊడదని షాపుల వాళ్ళకి నమ్మకం. పుల్ల చివర మైనం ముద్ద అంటించి, ఆవగింజంత రాయిని దాంతో ఎత్తి, గమ్ము చుక్క ఆరేలోగా గాజు మీది గుంటలో కూర్చోబెట్టాలి. రాయి వంకరగా కూర్చుంటే గాజు వెనక్కొస్తుంది. ఈ పని కళ్ళతో చేస్తారని చూసేవాళ్ళు అనుకుంటారు. కళ్ళు సగమే, తక్కినదంతా వేళ్ళు. కృపాకుమారి టీవీలో సీరియల్ చూస్తూ, ఎదురింటావిడతో పేచీ పెట్టుకుంటూ, మధ్యలో కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టుకుంటూ కూడా రాళ్ళు పెట్టేది. పెళ్ళై బందరు వచ్చిన దగ్గర్నుంచి ఇరవై రెండేళ్ళుగా ఆ ఇల్లు నడిచింది ఆ వేళ్ళ మీదే. భర్త ప్రకాశరావుకి ఆటో ఉంది. అది రోడ్డు మీద తిరిగిన రోజులెన్నో, మెకానిక్కు షెడ్డులో పడుకున్న రోజులూ అన్నే.

మూడేళ్ళ కిందట, శ్రావణమాసం పెళ్ళిళ్ళ ఆర్డర్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఒక పొద్దున్న ఆమె పాలప్యాకెట్టు చింపలేకపోయింది. వేళ్ళు కొయ్యబారిపోయి ఉన్నాయి. నిద్రలో చెయ్యి కింద పడి నలిగిందేమో అనుకుని పళ్ళతో చింపింది. పది గంటలయ్యేసరికి వేళ్ళు కాస్త దారిలో పడ్డాయి. మర్నాడు మళ్ళీ అంతే. వారం తిరిగేసరికి కుడిచేతి చూపుడువేలి మొదట్లో కణుపు ఉబ్బి, నున్నగా మెరుస్తూ కనిపించింది. ఇంకో వారానికి ఎడమచేతికీ అదే చోట అదే వాపు. ఆ తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్ళు, అన్నీ జతలు జతలుగా. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. ఏ పనీ చెయ్యకుండానే నీరసం, మంచం దిగడానికే ఆయాసం.

వెల్లుల్లి కాచిన నూనె రాసింది. ఉప్పునీళ్ళ కాపడం పెట్టింది. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుంది. రక్తం తక్కువగా ఉందని ఎవరో అంటే ఐరన్ బిళ్ళలు కూడా మింగింది. వాపు వాపుగానే ఉంది. దివిసీమలో, కోడూరు అవతల ఉన్న ఆమె తల్లి ప్రేమమ్మకి చేతివేళ్ళు ఎప్పుడో కొంకర్లు పోయాయి. నాట్లు వేసీ వేసీ అలా అయ్యాయని ఊరంతా అనుకున్నారు, ప్రేమమ్మ కూడా అదే అనుకుంది. నాట్లు వేసిన తక్కిన ఆడవాళ్ళ వేళ్ళు ఎందుకు కొంకర్లు పోలేదని ఎవరూ అడగలేదు. మనవాళ్ళకి వాతం అన్న ఒక్క మాట దొరికితే చాలు, ఇంక ప్రశ్నలుండవు.

ఆర్నెల్లకి కృపాకుమారి ఆర్డర్లు సగానికి తగ్గించుకుంది. ప్రార్థనామందిరంలో ఆడవాళ్ళు ఆమె కోసం మూడు రోజులు గొలుసు ప్రార్థన పెట్టారు. గంటకొకరు చొప్పున, పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా మోకాళ్ళూనారు. ఆ ప్రేమని తక్కువ చెయ్యడానికి లేదు. ఆ మూడు రోజులూ ఆమె ఇంట్లో పొయ్యి కూడా వెలగనివ్వలేదు వాళ్ళు, వంతులేసుకుని క్యారియర్లు తెచ్చారు. సరిగ్గా అదే వారం ప్రేమమ్మ ఫోను చేసి, మా ఊరు రా, కాంతారావు గారికి చూపిద్దాం అంది.

కాంతారావుకి డాక్టరు చదువు లేదు. ఒకప్పుడు అవనిగడ్డలో ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండేవాడు. అయితేనేం, చుట్టుపక్కల నాలుగూళ్ళకి ఆయనే డాక్టరు గారు. పాము కరిచిందంటే వానలో కూడా బండేసుకుని వస్తాడు, పేషెంటుని వెనకాల ఎక్కించుకుని తనే ఆసుపత్రికి తీసుకెళ్తాడు. అలాంటి మనిషిని నమ్మొద్దని ఎవరికి చెప్పగలం? ఆయన మీద నాకున్న కోపం కూడా అందుకే రెట్టింపు.

"ఎన్నాళ్ళ నుంచి తల్లీ?" అన్నాడు చెయ్యి పట్టుకుని.

"ఆర్నెల్లయిందండి."

"వాతం. రక్తంలోకి దిగింది. పదిహేను రోజులకి ఇస్తున్నా, వాడి చూడు. మళ్ళీ నువ్వే పరిగెత్తుకుంటూ వస్తావు."

రోజుకొకటి చొప్పున పదిహేను కాగితప్పొట్లాలు. ఒక్కోదాన్లో మూడు బిళ్ళలు: ఒకటి గులాబీ రంగు, ఒకటి పసుపు, ఒకటి చిన్న తెల్లబిళ్ళ. రేకుల్లోంచి ముందే విడదీసి పెట్టాడు కాబట్టి వాటి పేర్లేమిటో తెలిసే దారి లేదు. అడగాలని కృపాకుమారికి తోచనూ లేదు.

మూడో రోజు పొద్దున్న ఆమె లేచి, అలవాటు కొద్దీ ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు సాగదీయబోయింది. అవసరం రాలేదు. పిడికిలి బిగుసుకుంది, తెరుచుకుంది. బకెట్టు నింపి తనే మోసుకొచ్చింది. పెరట్లో నిలబడి పెద్దగా ఏడ్చింది. ప్రకాశరావు కంగారుగా పరిగెత్తుకొస్తే, చేతులు చూపించింది.

ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే వేళ, కృపాకుమారి ముసుగు సర్దుకుని ముందుకెళ్ళి నిలబడింది. ఆర్నెల్ల బాధ చెప్పింది, గొలుసు ప్రార్థన సంగతి చెప్పింది, రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించింది. మందిరం మందిరమంతా స్తోత్రం అంది. పాస్టరమ్మ గారు లేచొచ్చి కౌగిలించుకున్నారు. పొట్లాల మాట ఆమె ఎత్తలేదు. దాచాలని కాదు. సాక్ష్యంలో బిళ్ళల సంగతి ఎవరు చెబుతారు? అంతకుముందు మింగిన బిళ్ళలేవీ పని చెయ్యలేదు కాబట్టి, ఇవీ అలాంటివే అనుకుంది. తగ్గించింది ప్రార్థనే అని మనస్ఫూర్తిగా నమ్మింది. ఆ రోజు ఆమె చెప్పినదాన్లో ఆమెకు తెలిసిన అబద్ధం ఒక్కటి కూడా లేదు.

పదహారో రోజుకి పొట్లాలు అయిపోయాయి. పద్దెనిమిదో రోజు పొద్దున్న ఆమె మంచం మీద లేచి కూర్చోలేకపోయింది.

నొప్పి వెనక్కి రావడం ఒక ఎత్తు, సాక్ష్యం చెప్పాక రావడం ఇంకో ఎత్తు. స్వస్థత పొందానని వందమంది ముందు చెప్పిన మనిషి, మూడు వారాలకే మళ్ళీ కుంటుకుంటూ ఎలా వెళ్తుంది? దేవుడు ఇచ్చింది వెనక్కి తీసుకోడు కదా. అంటే తప్పు తనలోనే ఉండాలి. విశ్వాసం చాల్లేదు, లేదా ఏదో పాపం ఒప్పుకోకుండా మిగిలింది. ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. పాస్టరు గారు మందులు మానమని ఏనాడూ ఎవరికీ చెప్పినవారు కాదు. ఆయనకే షుగరు. ఎవరూ అనకపోయినా తనకి తనే అనుకుంది, అనుకుని ఎవరికీ చెప్పకుండా దిగమింగుకుంది. అమ్మని చూసొస్తానని ప్రకాశరావుకి చెప్పి అవనిగడ్డ బస్సెక్కింది.

అలా రెండేళ్ళు గడిచాయి. నెలనెలా అమ్మని చూసొచ్చేది, నెలకి సరిపడా పొట్లాలతో. ఇంత ప్రేమ గల కూతురు ఎవరికుంటుందని వీధిలో వాళ్ళు మెచ్చుకున్నారు. పొట్లాలు రాళ్ళ డబ్బాల మధ్య ఉండేవి, వాటి జోలికి ఇంట్లో ఎవరూ రారు. ఆమె బుగ్గలు నిండాయి, మొహం గుండ్రంగా తయారైంది. ఒళ్ళు చేశావు, దేవుడి కృప అని ఆడవాళ్ళు సంబరపడ్డారు. చేతులు చిన్న దెబ్బకే నల్లగా కమిలేవి, వాటిని పొడుగు జాకెట్టు చేతులు కప్పేవి. ఒంట్లో బాగాలేని వాళ్ళందరినీ పాస్టరమ్మ గారు ఆమె దగ్గరికే పంపేవారు, మా కృపమ్మని అడగండి, ఆవిడ విశ్వాసం చూసి నేర్చుకోండి అని.

అలా వచ్చినవాళ్ళలో ఎస్తేరు ఒకతి. పాతికేళ్ళ పిల్ల, కృపాకుమారి దగ్గరే రాళ్ళ పని నేర్చుకుంది, చురుకైన చెయ్యి. పని నేర్చిన రెండో ఏడు దాని వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున్నే వచ్చి చేతులు చాపి కూర్చుని, "మీరెలా ప్రార్థించారక్కా?" అని అడిగింది. ఆ చేతుల్ని చూడగానే కృపాకుమారికి తన మొదటి రోజులు గుర్తొచ్చాయి. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఊరికే పంపించడానికి మనసొప్పలేదు. డబ్బాలోంచి పది పొట్లాలు తీసి చేతిలో పెట్టి, "ప్రార్థన మానకు. ఇవి మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఇస్తారు, బలానికి," అంది. జాలిపడి చేసిన పనే. ఎస్తేరుకి నాలుగో రోజుకి తగ్గింది. అదీ సాక్ష్యం చెప్పింది. తర్వాత కాంతారావు ఊరు కనుక్కుని తనే వెళ్ళిరావడం మొదలుపెట్టింది.

నొప్పి లేదు గానీ కృపాకుమారి వేళ్ళు మాత్రం మారుతూనే ఉన్నాయి. నాలుగు వేళ్ళూ కలిసికట్టుగా చిటికెనవేలి వైపు ఒరగసాగాయి. పుల్ల పట్టుకుంటే బొటనవేలు అందేది కాదు. ఒకనాడు ఆమె పెట్టిన నెక్లెసులు డజను వెనక్కొచ్చాయి. షాపు యజమాని గోవర్ధనరావు స్వయంగా ఇంటికొచ్చి, "ఇవి నువ్వు చేసినవేనా కృపమ్మా, ఎవరిచేతైనా చేయించావా?" అని అడిగాడు. పాపం, ఆయన మర్యాదకే అడిగాడు. "కొత్త పిల్ల చేసిందండి," అంది ఆమె. ఇరవై రెండేళ్ళలో తన పనిని తనది కాదని చెప్పుకోవడం అదే మొదటిసారి.

ఆ రోజుతో ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. ఈస్టరుకి ముందు నలభై శ్రమదినాలు వస్తున్నాయి. వాడలో అందరూ ఒక్కో ఇష్టమైనదాన్ని వదిలి ఉపవాసం ఉంటారు, ఒకరు కాఫీ, ఒకరు మాంసం, ఒకరు సీరియల్. కృపాకుమారి పొట్లాలు వదిలింది. మిగిలినవాటిని కాలవలో పారేసింది. రెండేళ్ళ కిందట చెప్పిన సాక్ష్యాన్ని ఇప్పుడైనా నిజం చెయ్యాలని ఆమె పంతం. బయట ఇంకెవరికైనా ఇలాంటి ఆలోచన వస్తుందో రాదో తెలియదు. అబద్ధం చెప్పలేని మనిషికే వస్తుంది. అదే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

మొదటి రోజు ఒళ్ళు నొప్పులు. రెండో రోజు వాంతులు. మూడో రోజు నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మాయి. ఉపవాసం నీరసమే అన్నారు చూసినవాళ్ళు. అయిదో రోజు సాయంత్రం ప్రార్థనలో మోకాళ్ళూనిన మనిషి పక్కకి ఒరిగిపోయింది. ప్రకాశరావు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బీపీ అందడం లేదు. డ్యూటీ డాక్టరు సెలైను పెట్టించి, ఆమె చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"అమ్మా, రోజూ ఏమైనా మందులు వాడుతున్నారా?"

తలాపున పాస్టరమ్మ గారు నిలబడి ఉన్నారు, చెయ్యి నుదుటి మీద వేసి. కృపాకుమారి ఆవిడ మొహం చూసింది.

"ఏమీ లేవండి," అంది.

రెండోసారి అడిగినా అదే చెప్పింది. సెలైను ఎక్కుతోంది, బీపీ లేవడం లేదు.

కూతురు జెనిఫర్ గుడివాడలో నర్సింగ్ చదువుతోంది. తండ్రి ఫోను చెయ్యగానే బస్సెక్కి గంటన్నరలో వచ్చింది. తల్లి జాకెట్టు చెయ్యి పైకి తోసి ఆ నల్లటి మచ్చలు చూసింది, గుండ్రటి మొహం చూసింది. ఇంట్లో అందరూ ఆరోగ్యం అనుకుంటున్న ఈ మొహం ఏవో బిళ్ళల వల్ల వచ్చిందని అప్పుడు దానికి తట్టింది. పాస్టరమ్మ గారి వైపు తిరిగి, "ఆంటీ, మీరు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. నాన్నని తీసుకెళ్ళి టీ అయినా తాగి రండి," అని ఇద్దర్నీ బయటికి పంపింది. తలుపు దగ్గరికి వేసి, తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఏం బిళ్ళలు వేసుకుంటున్నావు? నేనెవరికీ చెప్పను. చెప్పకపోతే మాత్రం నువ్వు చచ్చిపోతావు."

కృపాకుమారి కళ్ళు మూసుకుని చెప్పింది. తెల్లబిళ్ళ, గులాబీది, పసుపుది. రెండేళ్ళు. అయిదు రోజుల కిందట ఆపాను. జెనిఫర్ మాట పూర్తిగా వినకుండానే డ్యూటీ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. నరానికి ఒక ఇంజెక్షను ఇచ్చాక, గంటకల్లా బీపీ పైకి వచ్చింది.

కీళ్ళ డాక్టరు హిమబిందు గారు శుక్రవారాలు గుడివాడ వచ్చి చూస్తారు. నడవగలిగాక జెనిఫర్ తల్లిని అక్కడికి తీసుకెళ్ళింది. ఆవిడ ఎక్స్‌రేలు చూసి, రక్తపరీక్షలు చూసి, కృపాకుమారి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశారు. ముందు ఆ తెల్లబిళ్ళ గురించి చెప్పారు. మన ఒంట్లో రోజూ తయారయ్యే ఒక మందు లాంటిదే అది. బయటి నుంచి రెండేళ్ళు వస్తుంటే ఒళ్ళు తన పని తాను చెయ్యడం మానేసింది. అది హఠాత్తుగా ఆగేసరికి ప్రాణం నిలబెట్టే ఆధారం లేకుండా పోయింది. ఇప్పుడు దాన్ని నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.

"ఆ బిళ్ళ విషం కాదమ్మా. నేనూ ఇస్తాను, కొన్నాళ్ళకి. అది వాపుని కప్పి ఉంచుతుంది. అసలు రోగాన్ని పట్టే మందు పక్కన లేకుండా అదొక్కటే వాడితే, పైన నొప్పి ఉండదు, లోపల పని జరిగిపోతూ ఉంటుంది."

"ఏం పనండీ?"

"వాపు అంటే ఏమనుకుంటున్నారు మీరు?"

"రోగమండీ."

"కాదు, కాపలా. వేలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. రక్తంలో ఉండే కాపలా కణాలు అక్కడికి పరిగెత్తుతాయి. వాటికి దారివ్వడానికి రక్తనాళాలు సడలుతాయి, అందుకే ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, నీరు చేరి ఉబ్బుతుంది. క్రిముల్ని చంపి, గాయాన్ని పూడ్చి, నాలుగు రోజుల్లో అవి వెళ్ళిపోవాలి. మీ కీళ్ళలోకి వచ్చినవి వెళ్ళలేదు. మీది దివిసీమ కదా, చేలకి నీళ్ళు పెట్టడం తెలుసా?"

"పెళ్ళికి ముందు నాట్లు కూడా వేశానండి."

"పెట్టిన నీళ్ళు తియ్యకపోతే ఏమవుతుంది?"

"మురుగు డ్రెయిను పూడిపోతే చేను కుళ్ళిపోద్దండి. పైకి పచ్చగానే కనపడుద్ది. పట్టి లాగితే వేరు నల్లగా ఊడొచ్చేస్తది." ఆ మాట అంటూనే కృపాకుమారి తన చేతుల వైపు చూసుకుంది.

డాక్టరు గారు ఎక్స్‌రేని వెలుతురు పెట్టె మీద పెట్టి పెన్సిలుతో చూపించారు. కీలు చుట్టూ ఉండే పల్చటి పొర ఉబ్బి, మందమై, ఎముక అంచుల మీదికి పాకి కొరుకుతుంది. ఎలక కొరికినట్టు గుంటలు కనిపించాయి. ఇది కీళ్ళతో ఆగదు అన్నారు. ఆ మంట సంకేతాలు రక్తంలో ఒళ్ళంతా తిరుగుతాయి. అందుకే సాయంత్రం వేడి, అందుకే ఊరికే నీరసం. క్రిములకి అందకూడదని ఒళ్ళు ఇనుముని దాచేస్తుంది. క్రిములు లేకపోయినా దాచేస్తుంది, అందుకే ఐరన్ బిళ్ళలు మింగినా రక్తం పట్టలేదు. ఏళ్ళ తరబడి వదిలేస్తే గుండె రక్తనాళాలూ ఊపిరితిత్తులూ కూడా దెబ్బతింటాయి. జెనిఫర్ అమ్మమ్మ వేళ్ళ సంగతి చెబితే, అవి కూడా నాట్ల వల్ల వంగి ఉండవు అన్నారు.

"మరి నాకేం ముల్లు గుచ్చుకుందండీ?"

"ఏ ముల్లూ లేదు. మీ కాపలా మీ కీలునే పరాయిదనుకుంది. కొంత పుట్టుకతో వస్తుంది, కొంత ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు."

కృపాకుమారి చేతులు ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"అయితే నా పాపం వల్ల కాదాండీ?"

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"ఎవరూ అనలేదండి."

జెనిఫర్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. డాక్టరు గారు కాగితం మీద మందు రాశారు. వారంలో ఒకే ఒక్క రోజు వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుందని ఎర్రసిరాతో రెండు గీతలు గీశారు. నెలనెలా రక్తపరీక్ష. పని చెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

"వేళ్ళు మళ్ళీ మామూలుగా అవుతాయాండీ?"

"వాపు తగ్గుతుంది. ఇంకా పాడుకాకుండా ఆపొచ్చు. కొరికేసిన ఎముక మాత్రం తిరిగి రాదు."

"రెండేళ్ళ ముందు వచ్చుంటే?"

హిమబిందు గారు అబద్ధం చెప్పలేదు. "మొదటి ఆర్నెల్లలో, ఏడాదిలో వచ్చినవాళ్ళు చాలామంది ఈ మందుతో వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారమ్మా," అన్నారు.

బందరు బస్సులో కృపాకుమారి కిటికీ పక్కన కూర్చుంది. తన వేళ్ళ కోసం ఏడవాలో, ఏడవడానికి తనకి అర్హత ఉందో లేదో తెలియలేదు. పామర్రు దాటాక లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది, ఎస్తేరుకి వాపు వచ్చి ఎన్ని నెలలైందని. తొమ్మిది. మట్టలాదివారంలోగా చెప్పెయ్యాలని నిశ్చయించుకుంది.

ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె లేచింది. ముందుకి నడిచి వెళ్ళడానికి ఇదివరకటి కన్నా ఎక్కువ సేపు పట్టింది. ఈసారి దేన్నీ వదలకుండా చెప్పింది. కాంతారావు పొట్లాలు, అమ్మని చూసొస్తానని చెప్పి వెళ్ళిన బస్సులు, కాలవలో పారేసిన బిళ్ళలు, ఆసుపత్రి మంచం మీద ఏమీ లేవన్న మాట, అన్నీ. "నాలాగే వాపు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే నన్ను చూసి ఆగొద్దు. గుడివాడ వెళ్ళండి," అని ముగించింది. ఎవరూ స్తోత్రం అనలేదు. ఎలా అంటారు, అది అలవాటైన చోట వచ్చే మాట. పాస్టరు గారు లేచి, తను రోజూ ఇన్సులిన్ తీసుకుంటున్నానని, మందు వాడటం అవిశ్వాసం కాదని, చెల్లెమ్మ చెప్పింది వినమని అన్నారు. మంచి మాటలే. విన్నవాళ్ళు తలలూపి పాటల పుస్తకం తెరిచారు. పాస్టరమ్మ గారు మాత్రం ఆమె వైపు చూడలేకపోయారు, చూస్తే ఇద్దరూ ఏడుస్తారని తెలుసు.

ఆరాధన అయ్యాక మందిరం గుమ్మం దగ్గర, చెప్పులు విడిచిన చోట, ఎస్తేరు ఆమె కోసం నిలబడి ఉంది. మొహం గుండ్రంగా, నిండుగా ఉంది.

"వందనాలక్కా. మీరేమీ అనుకోనంటే ఒక మాట."

"చెప్పు."

"మీకు మొదట్లో తగ్గింది నిజమే కదా. మధ్యలో మీ విశ్వాసమే తగ్గిందేమోనక్కా." ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే బాధపడుతూ అంది.

కృపాకుమారికి అది కొత్త మాట కాదు. రెండేళ్ళు తనని తను కొట్టుకున్న కర్రే అది, ఇప్పుడు వేరే చేతిలో ఉంది.

"బిళ్ళలు ఇంకా వేసుకుంటున్నావా?"

"అవి బలానికే కదక్కా. మీరేగా ఇచ్చారు."

మానెయ్ అనబోయి కృపాకుమారి నోరు నొక్కుకుంది. మానితే ఇది కూడా పడిపోతుంది. "ఒక్కసారిగా మానకు. డాక్టరుకి చూపించి మెల్లగా మానాలి," అంది. మానమంటారు, మానొద్దంటారు, ఇదేం లెక్కక్కా అని ఎస్తేరు నవ్వింది. నమ్మించడం రెండేళ్ళ కిందట ఎంత తేలికైందో, నమ్మకం విడిపించడం అంత కష్టంగా ఉంది.

కృపాకుమారి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. వెనక పట్టీ బిగించడానికి వంగితే వేళ్ళకి బకిల్ చిక్కలేదు. ఎస్తేరు చూసి, అడక్కుండానే కింద కూర్చుని పట్టీ బిగించింది. పైనుంచి చూస్తే దాని వేళ్ళ కణుపులు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. ఇంకా తిన్నగానే ఉన్నాయి.

"శుక్రవారం గుడివాడ వెళ్ళాలే," అంది కృపాకుమారి. "ఈ పట్టీ కూడా పెట్టుకోలేనిదాన్ని, ఒక్కదాన్నే బస్సెక్కలేను. తోడొస్తావా?"

ప్రకాశరావు తనే ఆటోలో తీసుకెళ్తానన్నాడు. ఆ సంగతి చెప్పలేదు.

ఎస్తేరు తలెత్తి చూసింది. పిచ్చిది కాదు, అర్థమైంది. "మీ కోసమైతే వస్తానక్కా. నన్ను మాత్రం ఆవిడకి చూపించకూడదు," అంది.

"నా కోసమే రా," అంది కృపాకుమారి.